కార్నియా రక్షణకు హెచ్‌పీఎంసీయా, సోడియం హైలురోనేటా?

శుక్లం ఆపరేషన్‌లో శుక్లాన్ని ముక్కలు చేసే అల్ట్రాసౌండ్ శక్తి వల్ల ముఖ్యంగా దెబ్బతినేది కంటి ముందుభాగంలోని పారదర్శక పొర అయిన కార్నియా లోపలి పొర. పెద్దవారిలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2500 దాకా ఉండే ఆ పొర కణాలు ఒకసారి నశిస్తే వాటి స్థానంలో కొత్తవి పుట్టవు కనుక, వాటిని కాపాడేందుకు ఆపరేషన్‌లో కంటిలోకి ఎక్కించే జిగురు ద్రావణం ఎంపిక చిన్న విషయం కాదు. సోడియం హైలురోనేట్, హెచ్‌పీఎంసీ (హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్) అలాంటి రెండు ద్రావణాలు.

అధిక అణుభారం గల సోడియం హైలురోనేట్ కంటి ముందుగదిని, అంటే కార్నియా వెనకాల ఉండే ఖాళీని, లోతుగా నిలిపి ఉంచుతుంది, చివరలో ముద్దగా సులువుగా బయటికి వస్తుంది. అయితే ఆ గుణం వల్లనే శుక్లాన్ని పీల్చే దశలో ద్రవ ప్రవాహానికి త్వరగా కొట్టుకుపోతుంది. సెల్యులోజ్ నుంచి తయారయ్యే 2 శాతం హెచ్‌పీఎంసీ గదిని అంత గట్టిగా నిలపలేకపోయినా, కణాలపై పూతలా పరుచుకుంటుంది, ధర కూడా తక్కువే. కానీ దానిని పూర్తిగా కడిగి తీయడానికి ఓపిక కావాలి. రెండింటిలో ఏది మిగిలిపోయినా కంటిలో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది.

లెన్స్ అమర్చే దశలో మాత్రం హైలురోనేట్‌కే నా మొగ్గు.