నెట్ లేని కంప్యూటర్లో ఫ్లాష్: ప్లగిన్, ప్రొజెక్టర్, రఫుల్... ఏది మేలు?

పాత సీడీలో పాఠాలున్నాయి, అవన్నీ ఫ్లాష్‌లో (ఒకప్పుడు వెబ్‌లో ఆటలు, కదిలే బొమ్మలు నడిపిన అడోబీ సాఫ్ట్‌వేర్) చేసినవి. లేదంటే ఏదో పాత పరికరం ఉంది, దాని సెట్టింగుల పేజీ ఫ్లాష్ లేకుండా తెరుచుకోదు. కంప్యూటర్‌కి నెట్ లేదు, ఇచ్చే వీలూ లేదు. ఇలాంటప్పుడు ఎవరికైనా మొదట తట్టేది, ఫ్లాష్ ప్లేయర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి ఎక్కించేద్దామని.

నేనూ అలాగే మొదలుపెట్టాను. తెచ్చిన ఫైలు చూస్తే ఒక ఎంబీ పైచిలుకు ఉంది. ఇంత చిన్నదేమిటా అని అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు. అది ఇన్‌స్టాలర్ కాదు, అసలు ఇన్‌స్టాలర్‌ని నెట్‌లోంచి దించుకునే బుల్లి ప్రోగ్రాం. నెట్ లేని కంప్యూటర్లో అది డౌన్‌లోడ్ గీత చూపిస్తూ కూర్చుంది, నేను దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ వేరే ఉంటుంది, దాని సైజు 20 ఎంబీ చుట్టుపక్కల. ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లకీ ఇదే తేడా ఉంది కాబట్టి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకునేముందు సైజు చూసుకోవడం మంచిది.

అయితే సరైన ఇన్‌స్టాలర్ దొరికినా ప్లగిన్ (బ్రౌజర్ లోపల ఫ్లాష్‌ని నడిపే ముక్క) ఎక్కించడమే సరైన దారి అని నేను అనను. చాలామందికి అసలు ప్లగిన్ అవసరమే ఉండదు. ఎందుకో తెలియాలంటే ముందు తేదీ సంగతి చూడాలి.

తేదీ చూసి మూసుకునే తాళం

ఫ్లాష్‌ని ఆపేస్తామని అడోబీ 2017 జులైలోనే ప్రకటించింది. చెప్పినట్టే 2020 డిసెంబర్ 31తో సపోర్ట్ ముగిసింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయర్ తనంతట తానే కంటెంట్‌ని నడపడం మానేసింది. నెట్ లేని కంప్యూటర్‌కి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? ఎవరూ చెప్పక్కర్లేదు. ప్లేయర్‌లోనే ఆ తాళం ఉంది, అది కంప్యూటర్ గడియారం చూసుకుంటుంది. తేదీ దాటిందా, పాఠం బదులు చిన్న గుర్తు ఒకటి కనిపిస్తుంది, అంతే.

ఈ తాళం అన్ని వెర్షన్లలోనూ లేదు. 2020 మే నెలలో వచ్చిన 32.0.0.371లో లేదు. ఆ తర్వాత వచ్చినవాటిలో ఉంది. చిట్టచివరిది 2020 డిసెంబర్‌లో వచ్చిన 32.0.0.465. మామూలుగా ఏ సాఫ్ట్‌వేరైనా ఆఖరి వెర్షన్ తెచ్చుకోమంటాం. ఇక్కడ ఆఖరిది తెచ్చుకున్నవాళ్లే ఇరుక్కుపోతారు.

అయినా తప్పించుకునే దారి ఉంది. పెద్ద సంస్థల కోసం అడోబీయే పెట్టిన ఏర్పాటు అది. ఫ్లాష్ ఫోల్డర్లో 'ఎంఎంఎస్' అనే పేరుతో, 'సీఎఫ్‌జీ' ఎక్స్‌టెన్షన్‌తో ఒక సెట్టింగుల ఫైలు పెట్టాలి. అందులో ఒక లైను అనుమతి జాబితాని ఆన్ చేస్తుంది. దాని కింద, ఫ్లాష్ నడవాల్సిన చిరునామాలు లైనుకొకటి చొప్పున రాయాలి. జాబితాలో ఉన్నవి తేదీ దాటినా నడుస్తాయి, లేనివి నడవవు. ఈ ఫైలుతో జనం పడే తిప్పలు రెండు. నోట్‌ప్యాడ్ పేరు చివర నిశ్శబ్దంగా 'టీఎక్స్‌టీ' తగిలిస్తుంది, ఫైలు ఉన్నా ప్లేయర్‌కి కనపడదు. రెండోది, 64 బిట్ విండోస్‌లో ఫ్లాష్‌కి రెండు ఫోల్డర్లుంటాయి. 64 బిట్ బ్రౌజర్ సిస్టమ్32 లోపలిది చూస్తుంది, 32 బిట్ బ్రౌజర్ సిస్‌వావ్64 లోపలిది చూస్తుంది. ఆలోచించకుండా రెండుచోట్లా పెట్టేయండి.

మూడో ఉపాయం గడియారాన్నే వెనక్కి తిప్పడం. నెట్ లేదు కాబట్టి ఎవరూ సరిచేయరు, పని జరిగిపోతుంది. మదర్‌బోర్డ్ బ్యాటరీ అయిపోయి, ఆన్ చేసినప్పుడల్లా ఏ 2010లోనో నిద్ర లేచే కంప్యూటర్లో ఫ్లాష్ నిక్షేపంగా నడుస్తుంది! ఒక్కసారి పరీక్షించడానికి బాగానే ఉంటుంది కానీ, రోజూ వాడే యంత్రం మీద ఈ పని వద్దు. లాగ్‌లలో, ఫైళ్లలో తేదీలన్నీ కలగాపులగం అవుతాయి. ఆర్నెల్ల తర్వాత ఏ ఫైలు ముందుదో ఏది వెనకదో మీకే తెలియదు.

ఈ మూడింట్లో ఏది? ఎవరూ ముట్టుకోని ఒంటరి కంప్యూటరైతే తాళం లేని 371 వెర్షన్. పదిమంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చే కంప్యూటరైతే, లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్నదైతే 465, దానికి అనుమతి జాబితా. కాస్త ఎక్కువ పనే, కానీ జాబితాలో లేనిది ఏదీ నడవదు కాబట్టి టెన్షన్ తక్కువ.

ప్లగిన్‌కి బ్రౌజర్ కూడా కావాలి కదా

ఇక్కడే ప్లగిన్ దారి బరువెక్కుతుంది. ఫ్లాష్ ప్లగిన్ ఒకటి కాదు, మూడు రకాలు. ఫైర్‌ఫాక్స్‌కి ఎన్‌పీఏపీఐ, క్రోమియం జాతి బ్రౌజర్లకి పీపీఏపీఐ, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి యాక్టివ్‌ఎక్స్. ఒకదానికి తెచ్చింది ఇంకోదానికి పనికిరాదు. పైగా క్రోమ్ 88, ఫైర్‌ఫాక్స్ 85 రెండూ 2021 జనవరిలో ఫ్లాష్‌ని పూర్తిగా తీసేశాయి. అంటే ప్లగిన్‌తో పాటు పాత బ్రౌజర్ కూడా మోసుకెళ్లాలి. నేనైతే ఫైర్‌ఫాక్స్ 84 గానీ, ఈఎస్ఆర్ 78 (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే ఫైర్‌ఫాక్స్ రకం) గానీ పట్టుకెళ్తాను. ఎక్కించగానే అప్‌డేట్లు ఆపేయాలి. ఎప్పుడో ఎవరో ఒక గంట నెట్ తగిలిస్తే బ్రౌజర్ తనంతట తాను కొత్తదైపోయి, మీ శ్రమంతా నీళ్లపాలవుతుంది.

ఇంకో సంగతి. విండోస్ 8, 10లలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఫ్లాష్ విండోస్‌తో పాటే వచ్చేది. దాన్ని తీసేయడానికి మైక్రోసాఫ్ట్ కేబీ4577586 అనే అప్‌డేట్ విడుదల చేసింది. ఏళ్లుగా నెట్ చూడని, అప్‌డేట్ ఎరగని కంప్యూటరైతే ఫ్లాష్ ఇంకా అందులోనే ఉండొచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో ఫ్లాష్ ప్లేయర్ గుర్తు ఉందేమో చూడండి. ఉంటే వెర్షన్ నంబరూ అక్కడే కనిపిస్తుంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు కాకూడదు.

జావా ఆప్లెట్లు, సిల్వర్‌లైట్ లాంటి వేరే ప్లగిన్లు కావాల్సినవాళ్లకి కథ ఇంకాస్త పాతది. ఫైర్‌ఫాక్స్ 52 నుంచే ఫ్లాష్ తప్ప మిగతా ప్లగిన్లకి తలుపులు మూసేసింది, వాటిని ఈఎస్ఆర్ 52 మాత్రమే ఆడించేది. కాబట్టి వాళ్లు ఆ వెర్షన్‌కి వెళ్లాలి, లేదా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని నమ్ముకోవాలి.

ప్రొజెక్టర్: ఒక్క ఫైలు, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు

అడోబీయే ఇచ్చిన ఇంకో రకం ప్లేయర్ ఉంది. స్టాండలోన్ ప్లేయర్ అంటారు, ప్రొజెక్టర్ అనీ అంటారు. బ్రౌజర్‌తో సంబంధం లేదు. ఒక్క ఈఎక్స్ఈ ఫైలు. పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేసే పని లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు. అన్నిటికన్నా ముఖ్యంగా దీనిలో ఆ తేదీ తాళం లేదు. ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలు (ఫ్లాష్ పాఠం ఉండేది దీనిలోనే) చూపిస్తే చాలు. అదే మెనూలో క్రియేట్ ప్రొజెక్టర్ నొక్కితే ప్లేయర్, పాఠం కలిసిపోయి ఒకే ఈఎక్స్ఈ అవుతుంది. పెద్దవాళ్లకి ఇవ్వాలంటే ఇంతకన్నా సుఖం లేదు, డబుల్ క్లిక్ చేస్తే పాఠం మొదలు.

సీడీలో హెచ్‌టీఎంఎల్ పేజీ కనిపించగానే బ్రౌజర్ తప్పనిసరి అనుకుంటాం. ఆ పేజీ చాలాసార్లు ఉత్త ఫ్రేమే. ఫోల్డర్లు తవ్వితే లోపల ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైళ్లు వరసగా కూర్చుని ఉంటాయి. అన్నిటినీ కలిపే మూల ఫైలు ఏదో పట్టుకుంటే, మిగతావాటిని అదే పిలుచుకుంటుంది. కాకపోతే ఫోల్డర్ అమరిక మార్చకుండా సీడీ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసుకోవాలి. ఒక్క ఫైలు ఏరుకొచ్చి నడవట్లేదంటే లాభం లేదు.

ప్రొజెక్టర్ ఎక్కడ చేతులెత్తేస్తుందంటే, ఫ్లాష్ చుట్టూ ఉన్న పేజీతో మాట్లాడాల్సిన చోట. పేజీలోని జావాస్క్రిప్ట్‌కి మార్కులు పంపే క్విజ్‌లు, పేజీ నుంచి పేరో నంబరో అందుకుని మొదలయ్యే పాఠాలు, సర్వర్లో లాగిన్ అయ్యాక తెరుచుకునే కన్సోళ్లు. ప్రొజెక్టర్‌కి పేజీయే లేదు, మాట్లాడేదెవరితో?

రఫుల్ సంగతి

రఫుల్ అడోబీది కాదు. ఫ్లాష్‌ని మళ్లీ మొదటినుంచీ రస్ట్ భాషలో రాసిన ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్. డెస్క్‌టాప్ ప్రోగ్రాంగా దొరుకుతుంది, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌గానూ దొరుకుతుంది. దీనికి ఇంకా పనిచేసేవాళ్లున్నారు, పాత అడోబీ కోడ్‌లోని కన్నాలు దీనిలో ఉండవు. కాగితం మీద చూస్తే ఇదే గెలవాలి.

ఆచరణలో ఒక మెలిక ఉంది. ఫ్లాష్ ఫైళ్లు రెండు తరాలవి. ఫ్లాష్ ప్రోగ్రామింగ్ భాష యాక్షన్‌స్క్రిప్ట్‌లో 1, 2 వెర్షన్లు వాడినవి రఫుల్‌లో చక్కగా నడుస్తాయి. యాక్షన్‌స్క్రిప్ట్ 3 వాడినవి కొన్ని నడుస్తాయి, కొన్ని సగంలో ఆగుతాయి. మీ సీడీ ఏ తరానిదో తెలుసుకోవడానికి ఒక కొండగుర్తు: మూడో తరం 2006లో ఫ్లాష్ ప్లేయర్ 9తో వచ్చింది. సీడీ మీద అంతకు ముందు సంవత్సరం ఉంటే నిశ్చింతగా రఫుల్‌తో మొదలుపెట్టండి. తర్వాతిదైతే నెట్ ఉన్న కంప్యూటర్లో ముందు పరీక్షించి, నడిస్తేనే మోసుకెళ్లండి.

రెండో ఇబ్బంది యంత్రం వయసు. నెట్ లేని కంప్యూటర్లు తరచుగా పాతవే అయి ఉంటాయి. రస్ట్ 2024లో విండోస్ 7కి మద్దతు తీసేసింది కాబట్టి రఫుల్ కొత్త బిల్డులు అక్కడ నడుస్తాయని ఆశ పెట్టుకోకండి. పాత గ్రాఫిక్స్ కార్డుతోనూ పేచీ రావచ్చు. ఎక్స్‌టెన్షన్ వాడితే ఇంకో చిన్న పని ఉంది. క్రోమ్‌లో డిస్క్ మీది పేజీలు తెరవాలంటే, లోకల్ ఫైళ్లు చూసే అనుమతిని ఎక్స్‌టెన్షన్ సెట్టింగుల్లో విడిగా ఇవ్వాలి. అది ఇవ్వక రఫుల్ పనిచేయట్లేదనుకునేవాళ్లు బోలెడుమంది.

ఆటల కోసమే వెతుకుతుంటే ఫ్లాష్‌పాయింట్ అనే భద్రనిధి ఉంది. దానిలో ఇన్ఫినిటీ రకం ఆటని అప్పటికప్పుడు నెట్‌లోంచి దించుతుంది, మనకి పనికిరాదు. అల్టిమేట్ రకం అన్నీ తనలోనే పెట్టుకుంటుంది కానీ ఒక టెరాబైట్‌కి మించి జాగా అడుగుతుంది.

ఎప్పుడు ఏది

2021 జనవరిలో తాళం పడ్డప్పుడు, చైనాలోని దాలియన్‌లో రైల్వే వాళ్ల వ్యవస్థ ఒకటి ఆగిపోయింది. వాళ్లు పాత వెర్షన్ మళ్లీ ఎక్కించి నడిపించుకున్నారు. దక్షిణాఫ్రికా పన్నుల శాఖ తన ఫారాల కోసం ఫ్లాష్ నడిపే సొంత బ్రౌజర్‌నే విడుదల చేసింది. రెండూ పేజీకి, సర్వర్‌కి ముడిపడిన పనులు కాబట్టి ప్లగిన్ లేకుండా గడవలేదు. మీ పనీ అలాంటిదే అయితే ప్లగిన్ దారికి రండి. అప్పుడు కూడా ఆ పాత బ్రౌజర్‌ని నేరుగా కాకుండా వర్చువల్ మెషీన్లో (కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) పెట్టగలిగితే మేలు. వర్చువల్‌బాక్స్‌లో లైసెన్సున్న పాత విండోస్, దానిలో బ్రౌజర్, ప్లగిన్ ఎక్కించి, అన్నీ నడిచాయని చూసుకుని ఒక స్నాప్‌షాట్ తీస్తే ఆ స్థితి అలాగే నిలిచిపోతుంది. కంప్యూటర్ పాడైతే ఇంకోదానిలోకి ఎత్తుకెళ్లొచ్చు. దీనికి కాస్త ర్యామ్, కాస్త ఓపిక కావాలి.

మిగతా అందరికీ నా మాట ప్రొజెక్టర్. రఫుల్‌ని దాని పక్కనే పెట్టుకోండి.

నెట్ లేదు కదా, భయమేముంది అనుకోకండి. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రాం నెట్ లేని యంత్రాల్లోకి దూరింది పెన్‌డ్రైవ్‌ల ద్వారానే. పైగా నకిలీ ఫ్లాష్ ఇన్‌స్టాలర్లు వైరస్ పంచేవాళ్లకి ఏళ్లతరబడి ఇష్టమైన ముసుగు. తెచ్చిన ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూడండి. సంతకం చేసినవారి పేరు అడోబీ అని ఉండాలి, సంతకం చెల్లుతుందని కూడా చెప్పాలి. ఆ ట్యాబే లేకపోతే ఆ ఫైలుని అక్కడే డిలీట్ చేయండి.

ఇక నా సీడీ. పాఠాలన్నీ ప్రొజెక్టర్‌లోనే నడిచాయి. ఒక్క క్విజ్ మాత్రం మార్కుల్ని పేజీకి పంపేది, ప్రొజెక్టర్‌లో బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. దాని ఒక్కదాని కోసం ఫైర్‌ఫాక్స్ 84, 371 ప్లగిన్ పెట్టాను. అప్పటికీ కదల్లేదు. డిస్క్ మీంచి తెరిచిన ఫ్లాష్‌ని పేజీతో మాట్లాడనివ్వకపోవడం ప్లేయర్ భద్రతా నియమం. ఫ్లాష్ ఫోల్డర్లో 'ఫ్లాష్‌ప్లేయర్‌ట్రస్ట్' అనే ఫోల్డర్ పెట్టి, దానిలో సీఎఫ్‌జీ ఫైలు ఒకటి చేసి, పాఠాలున్న ఫోల్డర్ దారి ఆ ఫైల్లో ఒక్క లైనుగా రాశాక మార్కులు కనిపించాయి.