పూలదండ వెనక నంబర్: గుట్ట నుంచి సాగర్ దాకా నాలుగు రోజులు

కొత్త కారు ఇంటి ముందు ఆగీ ఆగకముందే "గుట్టకెప్పుడు పోదాం బిడ్డా?" అని అడిగింది అమ్మ. మా ఇంట్లో ఏ బండి కొన్నా మొదటి పూజ యాదగిరిగుట్ట నర్సన్న దగ్గరే. నాన్న స్కూటర్ నుంచి ఇదే లెక్క. సరే, పూజ ఎలాగూ తప్పదు కాబట్టి దానికి సాగర్ కూడా కలిపి, మధ్యలో హైదరాబాద్‌లో అక్క ఇంట్లో ఒక రాత్రి పెట్టుకుని, మహబూబ్‌నగర్ నుంచి మహబూబ్‌నగర్‌కు నాలుగు రోజుల ప్రయాణం వేశాం. నేను, మా ఆవిడ, అమ్మ, ఇద్దరు పిల్లలు. కార్తీక మాసం. ఆ నెలలో గుట్టకు బయలుదేరేవాడికి ఓపిక ఉండాలి, లేకపోతే అక్కడ వస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరాం. జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ దగ్గర ఔటర్ ఎక్కి ఘట్‌కేసర్ దగ్గర దిగి, బీబీనగర్, భువనగిరి మీదుగా వెళ్లాం. రాయికల్ టోల్, ఔటర్, గూడూరు టోల్ అన్నీ ఫాస్టాగ్‌తో చకచకా దాటేశాం. దారి గురించి చెప్పడానికి ఇంకేం లేదు, బాగుంది.

గుట్ట కింద ఒక లాడ్జిలో రాత్రి ఉన్నాం. పేరు చెప్పను. గదికి 1,500 తీసుకున్నారు. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి గానీ, వేడినీళ్లు గీజర్‌లో వస్తాయని చెప్పి తెల్లవారుజామున బకెట్ లెక్కన తెచ్చి ఇచ్చారు. లిఫ్ట్ పనిచేయలేదు, అమ్మ రెండంతస్తులు ఎక్కింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గది చూడకముందే లిఫ్ట్ సంగతి అడగండి.

తెల్లవారి కారు కిందనే పెట్టి ఉచిత బస్సులో కొండెక్కాం. కొండపైకి సొంత కారులో వెళ్లొచ్చు, డబ్బు కట్టాలి. 2022 మార్చి 28న కొత్త గుడి తెరిచాక, ఆ మే నెలలో కొండపై పార్కింగ్‌కు కారుకు 500 రూపాయలు పెట్టారు. మొదట్లో గంట దాటితే గంటకు మరో 100 అన్నారు. జనం మండిపడేసరికి కొద్ది రోజుల్లోనే ఆ గంటల లెక్క ఎత్తేశారు. అప్పుడు పేపర్లో చదివి 500 గురించే అందరితో పాటు నేనూ తిట్టుకున్నాను. ఈసారి కార్తీకపు శనివారం లైన్లో నిలబడ్డాక, అసలు తప్పు ఆ గంటకో 100లో ఉందని అర్థమైంది. మూడున్నర గంటలు పట్టింది మాకు దర్శనానికి. అందులో ఒక్క నిమిషం కూడా నా చేతిలో లేదు. సత్యనారాయణ వ్రతాల జనం, ధర్మదర్శనం లైను, మధ్యలో నైవేద్యానికి ఆపడం... ఆ గంటల లెక్కే ఉండుంటే, మీటరు మాత్రం ఇవేవీ చూడకుండా తిరుగుతూనే ఉండేది కదా. సినిమాకు వెళ్తే మూడు గంటలని ముందే తెలుసు. దేవుడి దగ్గర ఎంతసేపు పడుతుందో దేవుడికే తెలియాలి.

గుడి మాత్రం చూసినకొద్దీ చూడాలనిపిస్తుంది. నల్లరాతి కట్టడం, కాకతీయుల తీరు స్తంభాలు, మాడవీధుల్లో పొద్దుటి ఎండ. గుహలో స్వామిని చూసి బయటికొచ్చాక అమ్మ మోకాళ్ల నొప్పి మాటే ఎత్తలేదు. పులిహోర తిని, లడ్డూలు కట్టించుకుని మళ్లీ ఉచిత బస్సులోనే దిగాం. బస్సు కోసం కాస్త తోపులాట ఉంటుంది, అంతే. నన్నడిగితే పెద్ద పండుగ రోజుల్లో కారు కిందే పెట్టండి.

కింద వాహన పూజ. పంతులుగారు బానెట్ మీద కుంకుమతో ఓంకారం వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు, గుమ్మడికాయ కొట్టించారు. తర్వాత మా ఆవిడ కొన్న బంతిపూల దండను ముందు గ్రిల్‌కు అడ్డంగా కట్టారు. దండ పొడుగెక్కువై కిందికి వేలాడి నంబర్ ప్లేటును సగం కప్పేసింది. అమ్మ దాని మీద పసుపు కూడా చల్లింది. వెనక ప్లేటుకు మూడు పసుపు బొట్లు. అప్పుడు ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఫొటోలు దిగి హైదరాబాద్ బయలుదేరాం. గూడూరు టోల్ ఆ దండతోనే దాటాం. గేటు ఎప్పటిలాగే లేచింది.

సాయంత్రం అక్కావాళ్లను కలవడానికి నగరంలో ఒక మాల్‌కు వెళ్లాం. అక్కడ చీటీ ఇచ్చే మనిషి లేడు. లోపలికి వెళ్లేటప్పుడు కెమెరా మన బండి నంబర్ చదివి గేటు ఎత్తుతుంది, బయటికొచ్చేటప్పుడు మళ్లీ చదివి, ఎంతసేపున్నామో లెక్కగట్టి డబ్బు అడుగుతుంది. మాకు కూడా గేటు లేచింది. బాగానే ఉందే అనుకున్నాను. రెండు గంటలు తిరిగాం, పిల్లలకు బట్టలు కొన్నాం, తిన్నాం. కిందికొచ్చేసరికి దండ సగం వాడి దుమ్ము పట్టింది. చిన్నోడు దాన్ని లాగి డిక్కీలో పడేశాడు. వాడి తప్పేమీ లేదు, నేనే తియ్యమన్నాను.

బయటికెళ్లే గేటు దగ్గర తెర మీద మా నంబర్ ముత్యాల్లా కనిపించింది. కింద 'ఎంట్రీ లేదు' అని వచ్చింది. గేటు లేవలేదు. వెనక నాలుగు కార్ల హారన్లు. సెక్యూరిటీ అబ్బాయి వచ్చి చివరి నాలుగు అంకెలు కొట్టి చూశాడు.

"సార్, సిస్టంల మీ బండి లోపలికి రానే లేదు."

"మరి ఇక్కడున్నది ఎవరి బండి?"

వాడికి నవ్వొచ్చింది, నాకు రాలేదు. చివరికి టికెట్ పోగొట్టుకున్నవాళ్లకు వేసే రేటు కట్టమన్నారు. టికెట్టే ఇవ్వని చోట టికెట్ పోగొట్టుకున్నామట! తెలంగాణలో 2018 మార్చిలో వచ్చిన జీవో 63 ప్రకారం మాల్స్‌లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం. గంట లోపైతే ఏదైనా కొన్న బిల్లు చూపితే చాలు. గంట దాటినా పార్కింగ్ రుసుము కంటే బిల్లు ఎక్కువుంటే కట్టక్కర్లేదు. నా చేతిలో నాలుగు వేల బిల్లు ఉంది. చూపించాను. "బిల్లు ఉంది సార్, కానీ మీరు ఎప్పుడొచ్చారో మిషన్‌కు తెల్వదు కదా" అన్నాడు పాపం, నిజమే చెప్పాడు. బావ దిగి సూపర్‌వైజర్‌ను పిలిపించాడు. ఆయన గదిలో కూర్చుని మేం వచ్చిన సమయానికి అటూ ఇటూ ఫొటోలన్నీ వెనక్కి జరిపితే అప్పుడు దొరికింది మా కారు. పెళ్లికొడుకులా దండ వేసుకుని ఉంది. కెమెరా చదివినది 'టీజీ 0' వరకే, మిగతా అంతా బంతిపూలు. ఫొటో దొరికినా డబ్బు తిరిగివ్వడానికి ఆయన దగ్గర దారి లేదట, మెయిల్ పెట్టమన్నారు. పెట్టాను. ఇది రాసే రోజుకు జవాబు రాలేదు.

రాత్రి అక్క ఇంట్లో ఇదే ముచ్చట. మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడు విడమరిచి చెప్పాడు. టోల్ దగ్గర పని చేసేది అద్దం మీది ఫాస్టాగ్. అది రేడియో తరంగాలతో పలుకుతుంది, దానికి చూపుతో పనిలేదు. అందుకే దండ ఉన్నా గూడూరు దాటాం. పార్కింగ్ కెమెరా అలా కాదు, అది అచ్చంగా చూసి చదవాలి. ముందు ఫొటోలో ప్లేటు ఎక్కడుందో వెతుకుతుంది, తర్వాత ఒక్కో అక్షరాన్ని విడదీసి గుర్తుపడుతుంది. చీకట్లో కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేస్తుంది. ప్లేటు మీది తెల్లని రేకు ఆ వెలుగును తిప్పికొడుతుంది, నల్లని అక్షరాలు కొట్టవు, ఆ తేడాతో చదువుతుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేట్లు తప్పనిసరి చేయడం ఈ కెమెరాలకు పెద్ద సాయమైందట, అక్షరాలన్నీ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి. అంతకుముందు మన వాళ్లు 4 మీద బాణం గుర్తు, 8కి బదులు రెండు సున్నాలు చుట్టించుకున్న ప్లేట్లు ఎన్ని చూశాం! సున్నాతో, ఒకటితో కలిసిపోతాయనే సిరీస్‌లో ఇంగ్లిష్ ఓ, ఐ అక్షరాలు వాడరన్న సంగతి కూడా నాకు ఆ రాత్రే తెలిసింది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదట. బ్రిటన్ పోలీసుల పరిశోధన విభాగంలో 1976లో పుట్టింది. 2003 నుంచి లండన్‌లో నగరం నడిబొడ్డుకు వచ్చే కార్ల దగ్గర డబ్బు వసూలు చేసేది కూడా ఇలాంటి కెమెరాలతోనే. "లండన్‌లో దండలు కట్టరు కదా మామా" అన్నాడు వాడు.

అమ్మకు మాత్రం ఆ మాటలేవీ పట్టలేదు. "గా దండ దేవునిది. దాన్ని తీసేసి డిక్కీల ఏసినందుకే గిట్లయింది" అని తేల్చేసింది. ఒక రకంగా చూస్తే ఆమె చెప్పిందీ నిజమే. దండ తీయకుండా ఉంటే రెండుసార్లూ 'టీజీ 0' అనే చదివేది, లెక్క సరిపోయేదేమో!

నాకు ఇంకో సందేహం మిగిలింది. ఆ సూపర్‌వైజర్ మా ఫొటో వెతుకుతుంటే, పక్క తెర మీద ఎవరెవరి కార్లో, ముందు సీట్లో ఎవరున్నారో అంతా కనబడుతోంది. ఇవన్నీ ఎన్ని రోజులుంచుతారని అడిగితే ఆయనకు తెలియదు. వ్యక్తిగత సమాచారం కోసం 2023లో చట్టం చేసుకున్న దేశంలో, గేటు దగ్గర ఆ ఒక్క ముక్క రాసిన బోర్డు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

ఆదివారం పొద్దున్నే సాగర్ రోడ్డెక్కాం. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా. (మాల్ అంటే ఊరి పేరే, పిల్లలు "మళ్లీ మాలా?" అని భయపడ్డారు.) సాగర్‌లో హరిత విజయ విహార్‌లో దిగాం. ముందే బుక్ చేసుకోవడం మంచిదైంది. గదిలోంచి జలాశయం కనబడుతుంది. పొద్దున ఆరింటికి బాల్కనీలో చాయ్ తాగుతూ ఆ నీళ్లను చూడడానికే ఇంకోసారి వెళ్తాను. నాలుగు రోజుల్లో పెట్టిన డబ్బుకు తగ్గట్టుంది అనిపించిన చోటు ఇదే.

లాంచీలో నాగార్జునకొండకు వెళ్లాం. డ్యామ్ కింద మునిగిపోయే లోయను 1954 నుంచి 1960 వరకు తవ్వి, దొరికిన ఇక్ష్వాకుల నాటి కట్టడాలను కొండ మీద మళ్లీ కట్టారు. మ్యూజియంలో శిల్పాల ముందు అమ్మ కదల్లేదు. ఒక మాట గుర్తుంచుకోండి, మ్యూజియానికి శుక్రవారం సెలవు. సాయంత్రం బుద్ధవనం, బుద్ధుడి పేరు మీద కట్టిన పార్కు. 274 ఎకరాలు, 2022 మే 14న తెరిచారు. నడక ఎక్కువ, చెట్లు ఇంకా ఎదగాలి, మిట్టమధ్యాహ్నం వద్దు. మహాస్తూపం లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది.

సాగర్‌లో నాకు తట్టింది ఒక్కటే. ఇక్కడ చూసే చోట్లన్నీ దూరదూరంగా ఉంటాయి. లాంచీ రేవు ఒకచోట, బుద్ధవనం ఇంకోచోట, డ్యామ్ చూసే వంతెన మరోచోట, ఎత్తిపోతల జలపాతం అయితే ఏకంగా ఆంధ్రలో. నాలుగు చోట్లా బండి ఆపడం, నాలుగుసార్లు చిల్లర వెతుక్కోవడం. కెమెరా పార్కింగ్ నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే. పొద్దున ఒకసారి బండి నంబర్ మీద రోజంతటికీ డబ్బు కట్టేస్తే, ఎక్కడికెళ్లినా గేటు లేవాలి. గంటల లెక్క అక్కర్లేదు. రెండేళ్ల కింద ఆగస్టులో డ్యామ్ 26 గేట్లూ ఎత్తారని విని ఇలాగే వచ్చి, రోడ్డు మీదే రెండు గంటలు ఇరుక్కుపోయాం. ఎక్కడ ఖాళీ ఉందో చెప్పేవాడు లేక, కనబడిన చోటల్లా కార్లు నిలిపేశారు. లోపలికెళ్లిన నంబర్లు లెక్కపెట్టే కెమెరా ఉంటే, హాలియా దగ్గరే, మల్లేపల్లి దగ్గరే 'నిండిపోయింది' అని బోర్డు వేయొచ్చు. ఆ పని చేసిన కెమెరాకు నేను డబ్బు కట్టడానికి సిద్ధం. కాకపోతే గేటు దగ్గర, మెయిల్ ఐడీ ఇచ్చి పంపించకుండా, ఫొటో చూసి అక్కడికక్కడే లెక్క సరిచేసే మనిషి ఒకరు కూర్చోవాలి.

చేపల గురించి చెప్పకపోతే పాపం. రోడ్డు పక్క బండి మీద వేయించిన చేప, ఉల్లిపాయ, నిమ్మకాయ. కార్తీకమని అమ్మ, మా ఆవిడ ముట్టలేదు. పిల్లలూ నేనూ వాళ్ల వాటా కూడా తినేశాం.

సోమవారం దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా ఇల్లు చేరాం. దారి ఖాళీ, పత్తి లారీలు తప్ప. ఇంకా పొద్దుండగానే వచ్చామని, ఊరి పక్కనే ఉన్న పిల్లలమర్రికి పిల్లల్ని తీసుకెళ్లాను. ఏడొందల ఏళ్ల మర్రి. చెదలు పట్టి కొమ్మ విరిగితే, 2018లో ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు దానికి. ఇప్పుడు దూరం నుంచే చూడాలి, కిందకు వెళ్లి ఊడలు పట్టుకుని ఊగే రోజులు మా తరంతో పోయాయి.

అమ్మ ఇంటి దగ్గరే దిగిపోయింది. మేం తిరిగొచ్చేసరికి డిక్కీలోంచి వాడిన దండ తీసి తులసికోట దగ్గర పెట్టింది. కొత్తగా నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి పట్టుకుని నిలబడింది.

"ఏడ కట్టమంటవు? నంబర్ కనబడాలె అంటివి కదా."

బంపర్ కింద, ప్లేటుకు జానెడు పక్కగా ఒక కొక్కెం ఉంది. అక్కడ కట్టాను.