పుదుపేటలో బుల్లెట్ స్పీడోమీటరుకు మళ్లీ అంకెలు వేయించుకున్న వైనం

పాత బండిని బాగుచేయించుకునేవాళ్లు ఇంజను పనికీ, పెయింటుకూ, క్రోమ్ పూతకూ లెక్కచూడకుండా ఖర్చుపెడతారు గాని, స్పీడోమీటరు దగ్గరికి వచ్చేసరికి బజారులో దొరికే కొత్త మీటరు ఒకటి బిగించి సరిపెట్టుకుంటారు. నేనూ అదే చేయబోయినవాణ్ణే. మా నాన్నగారు నెల్లూరులో కొని, ఉద్యోగపు బదిలీలతో పాటు జిల్లాలన్నీ తిప్పిన 1974 నాటి బుల్లెట్ 350 ఆయన తర్వాత చెన్నైలో ఉంటున్న నా దగ్గరికి చేరింది. ఆ బండి మీటరు డయల్‌ను పుదుపేటలో ఒక పెద్దాయన చేత తిరిగి చేయించుకున్నాను. పని పూర్తయి ఎనిమిది నెలలయింది. ఒక ఎండాకాలం చివరి భాగమూ, ఈశాన్య రుతుపవనాల వానలూ కూడా దాటిపోయాయి కనుక, మెరుపు చూసి మురిసిపోయే దశ దాటి, పనితనం ఎలా నిలిచిందో చెప్పగలిగిన స్థితిలో ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. మా డయల్‌కు అసలు నష్టం వయసు వల్ల జరిగింది కాదు, నా తొందర వల్ల జరిగింది. అంకెలు పసుపుబారి, 60కి పైన నలుపు పొరలు పొరలుగా లేచిందని రెండేళ్ల కిందట నగరంలోనే మరొక చోట ఇస్తే, వాళ్లు మీటరు విప్పి, పాత డయల్ మీద కంప్యూటరులో ముద్రించిన స్టిక్కరు ఒకటి అతికించి, సాయంత్రానికల్లా చేతికిచ్చారు. మొదటి వారం చూడముచ్చటగానే ఉంది. మే నెల ఎండకు నలుపు కాస్తా వంకాయ రంగుకు తిరిగింది. తర్వాత స్టిక్కరు అంచు పైకి లేచి, ముల్లు 40 దగ్గర దానికి తట్టుకుని ఆగిపోవడం మొదలైంది. ఇక లాభంలేదని ఆ స్టిక్కరు ఊడదీస్తే, దాని జిగురుతో పాటు కింద మిగిలిన అసలు అంకెలు కూడా సగం లేచివచ్చాయి. అతికించడానికి ముందు కనీసం ఒక ఫోటో అయినా తీసుకుని ఉండవలసింది.

పుదుపేట గురించి చెన్నైవాళ్లకు చెప్పనక్కరలేదు. కూవం నది ఒడ్డున, విప్పిపారేసిన బండ్ల భాగాలు గుట్టలుగా పోసిన ఆ సందుల్లో దొరకని సామాను ఉండదంటారు. నేను చెబుతున్న దుకాణానికి బోర్డు లేదు. ఇంజను గుట్టల మధ్య ఎనిమిదడుగుల వెడల్పు గది, ఒక ఇనుప బల్ల, దాని మీద గడియారాల పనివాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం, అంతే. చుట్టుపక్కల దుకాణాలవాళ్లు ఆయన్ని మీటరు తాత అంటారు. ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడే మద్రాసు కుటుంబం ఆయనది; నా యాస వినగానే అరవం వదిలేసి తెలుగులోకి వచ్చేశారు.

ఆయన పనితీరులో నన్ను మొదట ఆకట్టుకున్నది మీటరు విప్పిన పద్ధతి. ఈ పాత మీటర్లకు అద్దాన్ని పట్టి ఉంచే క్రోమ్ రింగు మరలతో బిగించినది కాదు, అంచు లోపలికి మడిచి నొక్కేసినది. స్క్రూడ్రైవరుతో పెళ్లగిస్తే రింగు వంకరపోతుంది, డబ్బాకు నొక్కులు పడతాయి. ఆయన మొన మొద్దుబారిన చిన్న ఉలితో అంచును వెంట్రుకవాసి చొప్పున లేపుతూ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశారు. దానికే ముప్పావుగంట పట్టింది. లోపల చూస్తే వెనక భాగమంతా నల్లటి గ్రీజు. ముందు చక్రం నుంచి మీటరుకు తిప్పుడు తెచ్చే కేబుల్‌కు పైదాకా గ్రీజు పూస్తే, లోపల తిరిగే తీగ చుట్లు మరలాగా పనిచేసి ఆ గ్రీజును మెల్లగా మీటరులోకి ఎక్కిస్తాయట. అది డయల్ వెనక నుంచి ముందుకు పాకి మరకలు పెట్టడమే కాక, ముల్లు చెప్పే లెక్కను కూడా చెడగొడుతుంది. కేబుల్ చివర తిరిగే అయస్కాంతం, దాన్ని తాకకుండా కప్పి ఉన్న అల్యూమినియం గిన్నెను తన వెంట లాగాలని చూస్తుంది; సన్నని స్ప్రింగు ఆ గిన్నెను వెనక్కి పట్టి ఉంచుతుంది; ఈ రెండింటికీ సమతూకం కుదిరిన చోట ముల్లు నిలుస్తుంది. మధ్యలో గ్రీజు చేరితే గిన్నె మరింత ఈడ్చుకుపోయి, బండి 50లో పోతుంటే ముల్లు 65 చూపిస్తుంది. మా బండి అంత జోరు మీదుందని నేను కొన్నాళ్లు సంబరపడిన మాట నిజం.

ముల్లు తీసేటప్పుడు ఆయన డయల్ మీద దళసరి కాగితం పరిచి, రెండు టీ చెంచాల కాడలను ఎదురెదురుగా ముల్లు బొడ్డు కిందికి జొనిపి ఒకేసారి పైకి లేపారు. ఒకవైపు నుంచే లేపితే లోపలి ఇరుసు వంగిపోతుంది. అంతకు ముందే, సున్నా దగ్గర ముల్లును ఆపే చిన్న మేకు మీదుగా దాన్ని ఎత్తి వదిలి, స్ప్రింగు తన ఇష్టానికి వదిలేస్తే ముల్లు ఎక్కడ నిలుస్తుందో పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నారు. తిరిగి బిగించేటప్పుడు ముల్లును సున్నా మీద కాక ఆ గుర్తు మీద పెట్టి, తర్వాత మేకు మీదుగా ఇవతలికి దాటించాలి. స్టిక్కరు వేసినవాళ్లు ఈ పని చేయలేదని అప్పుడు అర్థమైంది.

ఇక డయల్. కొత్త రేకు కోయకుండా పాత రేకునే శుభ్రంచేసి వాడడం ఆయన నియమం. ముల్లు మేకు, మరల రంధ్రాలు, కిలోమీటర్ల కిటికీ ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి కనుక కొలత తప్పదు. అయితే రంగు తీయకముందే, మిగిలిన అంకెలను 1200 డీపీఐలో స్కాను చేయించి, ఊడిపోయినవాటిని మిగిలినవాటి నుంచి గీసుకున్నారు. ఆ గీత దగ్గరే ఆయన విలువ తెలిసింది. నేను నా ఫోనులో దాదాపు అలాగే ఉన్న ఒక ఇంగ్లీషు ఫాంటు చూపించి ఇది వాడవచ్చు కదా అన్నాను. ఆయన భూతద్దం నా చేతికిచ్చి, “ఇది కంప్యూటర్లో దొరికే అక్షరం కాదు సార్, ఎవరో కూర్చుని చేత్తో గీసింది. ఆరుకు కడుపు ఎంత పెద్దదో చూడండి, తోక ఎంత పొట్టిదో చూడండి” అన్నారు. చూస్తే నిజమే. 60లోని సున్నా, 80లోని సున్నా కూడా ఒకే వెడల్పు కాదు. ఎనిమిదికి చోటు చాలక దాని పక్క సున్నాను కాస్త నొక్కి గీశారు. యాభై ఏళ్లుగా ఇంట్లో ఉన్న వస్తువులో ఈ తేడా నేను ఎన్నడూ గమనించలేదు.

అంకెల బొమ్మను ఫిల్ము తీయించి, సెంటీమీటరుకు 120 పోగులున్న సన్నని జల్లెడ బట్టతో స్క్రీన్ ప్రింటింగ్ చేశారు. ఈ ముద్రలో రంగు రేకు మీద ఒక పొరగా నిలుస్తుంది. వేలి కొసకు ఆ ఎత్తు తగులుతుంది. స్టిక్కరుకూ, మామూలు ప్రింటరు పనికీ ఆ గుణం రాదు. నేల నలుపు నిగనిగలాడకుండా మసక నలుపు వేశారు, మధ్యాహ్నపు ఎండలో అద్దం వెనక ప్రతిఫలనం లేకపోవడానికి అదే కారణం.

కొలత సరిచూసిన తీరు కూడా చెప్పాలి. ముందు చక్రం ఒక చుట్టుకు సుమారు రెండు మీటర్లు వస్తుంది. నేల మీద సుద్దగీత గీసి ఆ దూరాన్ని కొలిచి, చక్రం పది చుట్లు తిరిగితే కేబుల్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రమ్మని నాకు ఇంటిపని ఇచ్చారు. ఆ లెక్క ప్రకారం వేగం మార్చగలిగే డ్రిల్లింగు మిషనుకు మీటరు తగిలించి, చుట్లు కొలిచే చేతి పరికరంతో సరిచూస్తూ, ముల్లు ఒక్కొక్క అంకె మీద ఆగేదాకా సరిదిద్దారు. ఇప్పుడు ఫోను జీపీఎస్‌లో 50 ఉన్నప్పుడు మా మీటరు 52 చూపిస్తోంది. ఈ వయసు బండికి అంతకంటే ఏం కావాలి?

అదే రోజు ఆయన బల్ల మీద ఇంగ్లండు బండి ఒకదాని స్మిత్స్ కంపెనీ మీటరు కూడా ఉంది. దాని డయల్ అడుగున చిన్న అక్షరాల్లో 1600 అని ఉంటే అదేమిటని అడిగాను. మైలుకు కేబుల్ 1600 చుట్లు తిరుగుతుందని దానర్థం. గంటకు 60 మైళ్లంటే నిమిషానికొక మైలు కనుక, డ్రిల్లు నిమిషానికి 1600 చుట్లు తిప్పినప్పుడు ముల్లు 60 మీద ఉండాలి. మన దేశం 1956 నాటి తూనికలు కొలతల చట్టంతో మెట్రిక్ పద్ధతికి మారింది కదా, ఆ బండి యజమాని కూడా డయల్‌ను కిలోమీటర్లలోకి మార్చమన్నాడట. మైలుకు 1600 అంటే కిలోమీటరుకు సుమారు 994 చుట్లు. అంకెలు మార్చి వేస్తే వేగం సరిగ్గానే చూపిస్తుంది గాని, దూరం లెక్కించే పళ్లచక్రాలు మాత్రం మైళ్లనే లెక్కపెడుతూ ఉంటాయి. ఈ సంగతి ముందే చెప్పి, అది ఒప్పుకుంటేనే పని తీసుకుంటానన్నారని విన్నాక ఆయన మీద గురి కుదిరింది.

పాత సైనిక బండ్ల మీటర్లు ఉన్నవారికి ఒక మాట. రెండో ప్రపంచ యుద్ధ కాలపు డయళ్లలో చీకట్లో మెరిసేందుకు రేడియం కలిపిన రంగు వాడేవారు. ఇప్పుడు మెరవడం లేదంటే దానితో కలిపిన జింక్ సల్ఫైడు అరిగిపోయిందని అర్థం. రేడియం అర్ధాయువు, అంటే అది సగానికి తరగడానికి పట్టే కాలం, 1600 సంవత్సరాలు, అది అలాగే ఉంటుంది. అటువంటి డయల్‌ను ఇంట్లో గరుకు కాగితంతో రుద్దే ప్రయత్నం చేయకండి. మీటరు తాత వాటిని విప్పకుండానే తిప్పి పంపేస్తారు.

కిలోమీటర్ల చక్రాలను సున్నాకు తెమ్మంటే కూడా ఆయన చేయరు. పరీక్షించడానికే అడిగాను. “తిరిగింది తిరిగినట్టే ఉండాలి, సున్నా కావాలంటే వేరే షాపు చూసుకోండి” అని, విప్పేటప్పుడు ఉన్న 61,438 అంకెను కాగితం మీద రాసి నా చేత సంతకం చేయించుకున్నారు. అయిదంకెల మీటరు అది. లక్ష దాటి ఒకసారి మళ్లీ మొదలైందని మా అమ్మ వాదన.

లోపాలు లేవని కాదు. మూడు వారాలన్న పని తొమ్మిది వారాలు పట్టింది, ఆలోగా ఫోను చేస్తే ఎత్తేవారే లేరు. ఎండలో పడి నాలుగుసార్లు వెళ్లవలసివచ్చింది. అంకెలకు వేసిన మీగడ రంగు నాకు ఒక వన్నె ఎక్కువనిపిస్తుంది; పాతగా కనబడాలన్న పట్టుదలలో, కొత్తలో తెల్లగా ఉండి ఉంటాయన్న సంగతి ఆయన మరిచారేమో. పక్కనున్న, కరెంటును కొలిచే చిన్న ఆంమీటరు మీద ఆయనకు శ్రద్ధ లేదు, తుడిచి ఇచ్చేశారు, దాని గీతలు ఇంకా మసకగానే ఉన్నాయి. కొత్త రింగు క్రోమ్ పలచన. సముద్రపు గాలికి కింది అంచున అప్పుడే చిన్న చుక్క తుప్పు కనబడుతోంది. అద్దం కింద కొత్త రబ్బరు మాత్రం గట్టిదే, ఇన్ని వానల్లోనూ లోపల ఒక్కసారి ఆవిరి పట్టలేదు.

రింగు, అద్దం, రబ్బరుతో కలిపి 4,500 రూపాయలు తీసుకున్నారు. బజారు మీటరుతో పోలిస్తే ఎక్కువే. కొత్తగా మెరిసే మీటరు చాలనుకునేవారికి ఈ ఖర్చూ, ఈ ఎదురుచూపూ అనవసరం. మన బండి మీద మొదటినుంచీ ఉన్న అంకెలే కావాలనుకునేవారు మాత్రం, డయల్ ఎంత పాడైనా చేయి పెట్టకుండా, ఉన్నదున్నట్టు ఫోటోలు తీసి, కేబుల్ కూడా విప్పి వెంట తీసుకుని వెళ్లండి. కేబుల్ పైచివర ఆరంగుళాల మేర గ్రీజు పూయవద్దని ఆయన చెప్పిన మాటను మా మెకానిక్‌కు ఇప్పటికి రెండుసార్లు చెప్పాను. మూడోసారి సర్వీసుకు ఇచ్చినప్పుడు పక్కనే నిలబడతాను.