నలుగురు అడిగే ఇల్లా, ఎవరూ అడగని ఇల్లా?

నల్లగొండలో ఇప్పుడు ఇల్లు కొనేవాడిదే రాజ్యమని మధ్యవర్తి చెప్పిన రోజు సాయంత్రమే, ఆయన చూపించబోయిన మొదటి ఇంటి వాకిట్లో మాకంటే ముందు వచ్చిన రెండు కుటుంబాల చెప్పులు కనిపించాయి. లోపల ఒకాయన వంటగది గోడను వేలి కణుపుతో కొట్టి చూస్తున్నాడు. ఇంకొకావిడ పూజగది ఏ మూలన ఉందో చూసి తృప్తిగా తలూపుతోంది. ఆ తలూపు చూడగానే మా ఆవిడ ముఖం వాడిపోయింది.

మధ్యవర్తి చెప్పింది అబద్ధం కాదు. హైదరాబాద్ రోడ్డు వైపు ఏ కాలనీలో తిరిగినా ‘ఇల్లు అమ్మబడును’ బోర్డులే. ధర మాట్లాడుకుందాం రమ్మని యజమానులే ఫోన్లు చేస్తున్నారు. మరి ఈ ఒక్క ఇంటి దగ్గర ఇంత రద్దీ ఎందుకో రెండు నెలలు తిరిగాక అర్థమైంది. కొనేవాళ్లు తక్కువే, కానీ అందరూ వెతుకుతున్నది ఒకే ఇంటిని: 150 నుంచి 200 గజాలు, తూర్పో ఉత్తరమో ముఖం, డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి ఉన్న లేఅవుట్, ముందు 30 అడుగుల రోడ్డు, బోరుతో పాటు కృష్ణా నీళ్ల కుళాయి. ఫ్లోరైడు మాట వింటూ పెరిగిన జిల్లాలో ఈ చివరిది విలాసం కాదు. పది బోర్డుల్లో అలాంటి ఇల్లు ఒకటో రెండో.

మొదట చూసిన ఆ తూర్పు ముఖం ఇంటికి 66 లక్షలు అడిగారు. అదే వారం పానగల్లు వైపు ఇంకో ఇల్లు చూశాం. 180 గజాలు, గట్టి కట్టుబడి, పెరట్లో వేపచెట్టు. దక్షిణ ముఖం. బోర్డు మీద అక్షరాలు ఎండకు వెలిసి ఫోను నంబరులో రెండు అంకెలు చెరిగిపోయాయి. అడిగిన ధర 60 లక్షలు. పోటీపడి మొదటిది కొనాలా, తీరిగ్గా బేరమాడి రెండోది కొనాలా?

ముందు పోటీ సంగతి. ఇంకొకరు ఎదురుగా ఉన్నారనగానే మనకు తోచే మొదటి ఆయుధం ధర పెంచడం. మేమూ 68 అందామనుకున్నాం. కాగితం మీద లెక్క వేశాక ఆగాం. 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పరిమితి ఇంటి విలువలో 80 శాతం. ఆ విలువను తేల్చేది మన ఉత్సాహం కాదు, బ్యాంకు పంపే వాల్యుయరు. ఆయన 62 లక్షలు అని రాస్తే వచ్చే అప్పు 49.60 లక్షలు, అంతే. మనం 66 ఇచ్చినా 68 ఇచ్చినా అందులో పైసా పెరగదు. అంటే పోటీలో పెంచిన ఆ రెండు లక్షలూ అచ్చంగా మన సొంత డబ్బు. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 68 లక్షలకు అది 5.10 లక్షలు. అప్పు లెక్కలో బ్యాంకు దీన్ని కలపదు. 50 లక్షలు, ఆపైన ఉన్న ఆస్తి కాబట్టి అమ్మినవారికి ఇచ్చే సొమ్ములోంచి ఒక శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి కట్టే పని కూడా మనదే.

అదీగాక, ‘ఇంకో పార్టీ సిద్ధంగా ఉంది’ అన్న మాట ఎంతవరకు నిజం? చెప్పులు చూశాం కాబట్టి మా విషయంలో నమ్మాం. చెప్పులు కనిపించని చోట వారం గడువు అడిగి చూడండి. మందకొడి బజారులో ఆ సిద్ధంగా ఉన్న పార్టీ వారం తర్వాత కూడా సిద్ధంగానే ఉంటుంది.

ధర కంటే పదునైన ఆయుధం గడువు. అమ్మే ఆయనతో పావుగంట మాట్లాడితే భయం బయటపడింది. అంతకుముందు ఒకరు బయానా ఇచ్చి, అప్పు మంజూరు కాలేదని మూడు నెలలకు వెనక్కి వెళ్లారట. అమ్మకాలు జోరుగా ఉన్న రోజుల్లో అయితే ఒకరు పోతే మరొకరు వస్తారు. ఇప్పుడు పోయినవాళ్ల స్థానంలో మళ్లీ బోర్డే. అందుకే చేతిలో బ్యాంకు ముందస్తు మంజూరు లేఖతో వచ్చి, 45 రోజుల్లో రిజిస్ట్రేషన్ అనేవాడు, లక్ష ఎక్కువిస్తానని 90 రోజులు అడిగేవాడి కంటే ఆయనకు ముద్దు. కొనుగోలుదారుల కాలంలో ఈ లేఖకు విలువ తగ్గుతుందని అనుకుంటాం గానీ పెరుగుతుంది.

అయితే తొందర చూపించాలని పెద్ద బయానా ఇవ్వకండి. రిజిస్టరు కాని అగ్రిమెంటు ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపించదు. మీకు ముందు ఒకరు, మీ తర్వాత ఒకరు బయానా ఇచ్చినా ఆ కాగితం మౌనంగానే ఉంటుంది. ఒప్పంద పత్రం రిజిస్టరు కాకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదన్న రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) నియమం ప్రాజెక్టులు కట్టే బిల్డర్లకు. పాత ఇల్లు అమ్ముకునే వ్యక్తికి అది వర్తించదు.

ఆ ఇంటికి పోటీ వచ్చినవారిలో ఒకరు సగం నగదు ఇస్తాం, దస్తావేజులో తక్కువ రాద్దాం అన్నారట. దానితో పోటీపడలేం, పడకూడదు కూడా. అప్పు మీద కొనేవాడికి దస్తావేజు విలువ తగ్గితే అప్పూ తగ్గుతుంది. రేపు అమ్మినప్పుడు లాభం ఎక్కువగా కనిపించి పన్నూ పడుతుంది. స్థిరాస్తి కింద 20 వేలు, ఆపైన నగదు తీసుకున్నవారికి తీసుకున్నంత జరిమానా పడే అవకాశం ఉందని అమ్మే ఆయనకు మర్యాదగా చెప్పాం. విన్నారో లేదో తెలియదు.

ఇక ఎవరూ అడగని ఇల్లు. ఎందుకు అడగడం లేదన్న ప్రశ్నకు జవాబు దొరికేదాకా ధర ఎత్తకూడదు. సున్నం పెచ్చులూడటం, పాత వైరింగు లాంటివి మేస్త్రీని తీసుకెళ్లి చూపిస్తే లెక్కకు వస్తాయి. దక్షిణ ముఖం లాంటివి మనం నమ్మకపోయినా మన తర్వాత కొనేవాడు నమ్ముతాడు. ఇప్పుడు మనకు వచ్చిన తగ్గింపును అప్పుడు అతనికి తిరిగి ఇవ్వవలసిందే. అసలు ప్రమాదం కాగితాలది. ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) కాని ప్లాటు, మధ్యలో ఒక లింకు డాక్యుమెంటు (పాత యజమానుల మధ్య ఆస్తి చేతులు మారిన దస్తావేజు) లేకపోవడం, సంతకం పెట్టని వారసులు. ఈ మూడింట్లో ఏది ఉన్నా ఎంత తగ్గించినా అది చవక కాదు.

పానగల్లు ఇంటికి రెండు కారణాలు దొరికాయి. ఒకటి వాకిలి. రెండోది, తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ అమ్మకానికి పెట్టారు గానీ, మహబూబ్‌నగర్‌లో ఉంటున్న చెల్లెలి పేరు ఎక్కడా ఎత్తలేదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమాన వాటా ఉంది. ‘ఆమె ఏమీ అడగదులెండి’ అన్నారు. అడగకపోవచ్చు. సంతకం మాత్రం కావాలన్నాం, అదీ సాక్షిగా కాదు, అమ్మేవారిలో ఒకరిగా.

మహబూబ్‌నగర్, జడ్చర్లలో అపార్టుమెంటు ఫ్లాట్ కొనేవారికి ఈ గొడవ సగం ఉండదు. ఒకే బిల్డర్ దగ్గర ఒకేలాంటివి పదిహేను మిగిలినప్పుడు మూడో అంతస్తుది పోతే నాలుగోది ఉంటుంది. అక్కడ ఆగడమే బేరం. కట్టుబడిలో ఉన్నదానికి 5 శాతం జీఎస్టీ (45 లక్షల లోపు చిన్న ఫ్లాట్లకు ఒక శాతం), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయి నివాసానికి సిద్ధమన్న ధ్రువపత్రం) వచ్చాక కొంటే అదీ లేదు. విడి ఇల్లు అలా కాదు, ఒకటి పోతే దానిలాంటిది ఇంకొకటి ఉండదు.

ఎప్పుడు అడగాలన్నది కూడా బేరంలో భాగమే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణంలో అందరూ ఒక్కసారే గృహప్రవేశాల తొందరలో ఉంటారు. ఆషాఢంలో ఇళ్లు చూసేవాడే ఉండడు. మేము ధర మాట్లాడింది ఆషాఢంలోనే. 60 దగ్గర మొదలై, మేస్త్రీ లెక్క ముందు పెట్టాక 54కి దిగింది. బయానా మాత్రం శ్రావణం వచ్చేదాకా ఇవ్వడానికి మా అమ్మ ఒప్పుకోలేదు.

నాలుగైదేళ్లలో బదిలీ ఉన్నవారికి, పిల్లల చదువులకు అమ్మవలసి రావచ్చు అనుకునేవారికి నేను మొదటి ఇంటినే చెబుతాను. ఈ రోజు మనతో పోటీపడిన గుంపే అప్పుడు మన వాకిట్లో చెప్పులు విడుస్తుంది. చివరిదాకా ఉండాలనుకునేవాడు ఆ గుంపు కోసం ముందుగానే 12 లక్షలు ఎందుకు కట్టాలి? నాకు ఉద్యోగం ఇంకా తొమ్మిదేళ్లు. ఆ తర్వాత ఈ ఊరు విడిచే ఆలోచన లేదు.

చెల్లెలు రాఖీ పౌర్ణమికి నల్లగొండ వస్తుందట. మర్నాటికి రిజిస్ట్రేషన్ స్లాటు తీసుకుందామని అన్నదమ్ములే ఫోను చేసి చెప్పారు.