0.2 ఓమ్ కాయిల్‌తో నాలుగేళ్లు, పాడైన బ్యాటరీల లెక్కతో సహా

మాంచెస్టర్‌లో ఉంటున్న మా మేనల్లుడు కిందటి నెల ఫోన్ చేసి, "మావయ్యా, 0.15 ఓమ్ కాయిల్ అయితే ఆవిరి దట్టంగా వస్తుందంటున్నారు, తీసుకోనా? నువ్వు కూడా అప్పట్లో 0.2 వాడేవాడివి కదా" అని అడిగాడు. ఒకసారి వాడి పారేసే ఈ-సిగరెట్ల అమ్మకాన్ని ఆ దేశంలో 2025 జూన్ 1 నుంచి నిషేధించడంతో అతను కాయిల్ మార్చుకునే రకానికి వచ్చాడు. కాయిల్ అంటే అందులోని ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేసే చిన్న తీగచుట్ట, ఓమ్ అంటే ఆ తీగ కరెంటుకు చూపే నిరోధపు కొలత. అందులో ఏ సెల్ వేస్తున్నావని అడిగితే, "ఏదో 18650, ఊదా రంగు తొడుగుది, మీద 35 ఆంపియర్లని రాసి ఉంది" అన్నాడు. 18650 అంటే వేలెడంత గుండ్రటి లిథియం సెల్ కొలత. ఆ మాట వినగానే నాకు 2017 మే నెలలో మా ఇంటి డాబా మీద గడిచిన సాయంత్రం కళ్ల ముందు మెదిలింది. ఫోన్‌లో చెప్పింది సగమే కాబట్టి మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

నేను ఓడల్లో విద్యుత్ విభాగపు అధికారిగా పనిచేస్తాను, సెలవు దొరికినప్పుడు విశాఖపట్నంలో సీతమ్మధారలోని మా ఇంటికి వస్తాను. సిగరెట్ మానాలని 2015లో ఇంగ్లండ్‌లోని ఒక రేవులో ఈ పరికరం కొన్నాను, 2019 సెప్టెంబర్ వరకు వాడాను. ఆ నెల 18న మన దేశంలో ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబర్‌లో అది చట్టమైంది. దాని ప్రకారం ఈ-సిగరెట్లను తయారు చేయడం, దిగుమతి చేయడం, అమ్మడం, నిల్వ ఉంచడం, ప్రచారం చేయడం నేరాలు. మొదటిసారి అమ్మితే ఏడాది వరకు జైలు గాని లక్ష రూపాయల వరకు జరిమానా గాని రెండూ గాని ఉంటాయి. కాబట్టి ఇది ఇక్కడివారిని కొనమని చెప్పే రాత కాదు. చట్టం అనుమతించే దేశాల్లో ఇప్పటికే వాడుతున్న మనవాళ్లు కాయిల్ ఎంచుకునే ముందు బ్యాటరీ వైపు ఒకసారి చూడాలన్నదే నా తాపత్రయం.

ముందుగా 0.2 ఓమ్ కాయిల్‌కు ఇవ్వవలసిన మెప్పు ఇచ్చేస్తాను. పరికరంతో పాటు వచ్చిన 1.8 ఓమ్ కాయిల్ మీద దమ్ము లాగితే నీళ్లావిరి పీల్చినట్టు ఉండేది, సిగరెట్ అలవాటున్న గొంతుకు అది ఆనేది కాదు. ఒక తోటి అధికారి కాంథాల్ అనే మిశ్రలోహపు తీగను రెండు కాయిల్స్‌గా చుట్టి, మధ్యలో దూది దూర్చి, మొత్తం 0.2 ఓమ్‌కు తెచ్చి ఇచ్చినప్పుడు మొదటి దమ్ముకే ఛాతీ నిండింది. మీట నొక్కిన మరుక్షణం వేడి అందుకుంటుంది, రుచి గాఢంగా ఉంటుంది, నికోటిన్ తక్కువ ఉన్న ద్రవమైనా తృప్తి కలుగుతుంది. ఆ రోజుల్లో అడిగినవారందరికీ ఈ కాయిల్‌నే సిఫారసు చేశాను. అప్పుడు నా దగ్గర ఉన్నది రాగి గొట్టం లాంటి పరికరం. అందులో సర్క్యూట్ అంటూ ఏదీ ఉండదు, మీట నొక్కితే సెల్ నేరుగా కాయిల్‌కు తగులుతుంది, వదిలితే తెగిపోతుంది.

ఆ తగలడంలోనే అసలు సంగతి ఉంది. పూర్తిగా చార్జ్ అయిన లిథియం సెల్ 4.2 వోల్టులు ఇస్తుంది. 1.8 ఓమ్ కాయిల్ దాని నుంచి రెండున్నర ఆంపియర్ల లోపే లాగుతుంది, శక్తి పది వాట్లకు అటూ ఇటుగా ఉంటుంది. 0.5 ఓమ్ అయితే 8.4 ఆంపియర్లు, 35 వాట్లు. 0.2 ఓమ్ అయితే 21 ఆంపియర్లు, 88 వాట్లు. మా మేనల్లుడు అడిగిన 0.15 ఓమ్‌ను ఇలాంటి గొట్టంలో వేస్తే 28 ఆంపియర్లు. శాంసంగ్ 25ఆర్, ఎల్‌జీ హెచ్‌జీ2 వంటి పేరున్న సెల్స్ నిరంతరంగా ఇవ్వగలిగేది 20 ఆంపియర్లే. సామర్థ్యం ఎక్కువని చాలామంది ఇష్టపడే పానసోనిక్ 3400 మిల్లీ ఆంపియర్ అవర్ రకం ఏడు ఆంపియర్లు కూడా ఇవ్వడానికి ఉద్దేశించినది కాదు. ఎక్కువ కాలం నిలిచే సెల్, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇచ్చే సెల్ ఒకటి కావు. ఈ తేడా తెలియక సామర్థ్యపు అంకె చూసి కొనేవారిని ఓడల్లోనూ చూశాను, ఊళ్లోనూ చూశాను. పైగా ఆ కంపెనీలే ఈ సెల్స్‌ను విడిగా ఈ-సిగరెట్లలో వాడవద్దని హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరికను నేను చాలా ఆలస్యంగా చదివాను.

2017 మే నెలలో సెలవు మీద వచ్చినప్పుడు నా దగ్గరున్న రెండు మంచి సెల్స్ నీరసించాయి. డాబాగార్డెన్స్‌లో ఒక దుకాణంలో అడిగితే ఊదా రంగు తొడుగు వేసిన జత చూపించారు. తొడుగు మీద 3000 మిల్లీ ఆంపియర్ అవర్ అని, 35 ఆంపియర్లని తెల్లటి అక్షరాలతో రాసి ఉంది. వృత్తిరీత్యా రోజూ బ్యాటరీలతో పనిచేసే నేనే ఆ అంకెను నమ్మాను. అంత సామర్థ్యం, అంత కరెంటు రెండూ అప్పటి 18650లో ఇమడవని ఆ క్షణంలో నాకు తోచలేదు, తోచవలసింది.

మూడో రోజు సాయంత్రం ఉక్క భరించలేక మా బావమరిదితో కలిసి డాబా మీదికి వెళ్లాను. కొత్త సెల్ అప్పుడే పూర్తిగా చార్జ్ చేసి వేశాను. మాటల్లో పడి నిమిషంలో ఐదారు దమ్ములు వరసగా లాగాను. రాగి గొట్టం వెచ్చబడడం మామూలే కాబట్టి మొదట పట్టించుకోలేదు. తర్వాతి దమ్ముకు వేడి పైన కాయిల్ దగ్గర కాకుండా కింద మీట దగ్గర, అంటే సెల్ కూర్చునే చోట, అరచేతికి తగిలింది. మీట మీదినుంచి వేలు తీసినా వేడి తగ్గలేదు, పెరుగుతోంది. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం లాంటి తియ్యని వాసన ఒకటి సన్నగా వచ్చింది. అది సెల్ లోపలి ద్రావకం వాసన అని నాకు తెలుసు, తెలిసినందువల్లే చేయి వణికింది. "బావగారూ, ముందు దాన్ని చేతిలోంచి పడెయ్యండి!" అని మా బావమరిది అరిచాడు. మెట్ల పక్కన ఇంటి మరమ్మతుకని తెచ్చి పోసిన ఇసుక కుప్ప ఉంది, అందులోకి విసిరాను. రెండు మూడు క్షణాలకు బుస్సుమని శబ్దం వచ్చి, గొట్టం కింది రంధ్రాల్లోంచి తెల్లటి పొగ పైకి లేచింది. ఇసుకను చేతులతోనే దాని మీదికి తోశాం. మంట రాలేదు. ఆ గొట్టం అడుగున వాయువు పోవడానికి రంధ్రాలు ఉండడం మా అదృష్టం. అవి లేని గొట్టంలో ఆ ఒత్తిడి ఏ దారి వెతుక్కునేదో ఊహించడానికి ఇప్పటికీ మనసొప్పదు. అప్పటికి కొన్ని క్షణాల ముందు అది నా నోటి దగ్గర ఉంది.

రాత్రంతా దాన్ని ఇసుకలోనే ఉంచి మర్నాడు తీశాను. పొగ కక్కిన సెల్ చెప్పగలిగింది తక్కువ, కాని దాని జోడు మిగిలింది కదా. కురుపాం మార్కెట్‌లో నగల పని చేసే మిత్రుడి త్రాసులో దాన్ని తూచాం. ఈ కొలతలో ఉన్న అసలు సెల్ 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది, ఇది 37 గ్రాములు తూగింది. లోపల ఉండవలసిన సరుకు లేదన్నమాట. ఇంటికి తెచ్చి, చార్జ్‌ను కొలుస్తూ ఖాళీ చేసే చార్జర్‌లో ఒక ఆంపియర్ చొప్పున దించితే 3000 అని రాసిన చోట 1600 దాటలేదు. అదే చార్జర్‌లో అంతర్గత నిరోధం చూస్తే 60 మిల్లీ ఓమ్‌లు కనిపించింది. నా పాత మంచి సెల్స్ కొత్తలో 20 ప్రాంతంలో చూపించేవి. దుకాణంలో తొడుగు మీద చదివిన అంకెల కన్నా త్రాసు చూపించిన ఒక్క అంకె నాకు ఎక్కువ నేర్పింది.

ఆ 60 మిల్లీ ఓమ్‌ల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే తక్కువ నిరోధపు కాయిల్ మీద నా కినుకంతా అక్కడే ఉంది. సెల్‌కు తనదైన నిరోధం ఒకటి లోపల ఉంటుంది. కాయిల్‌లో పారే కరెంటే దాని గుండా కూడా పారుతుంది కాబట్టి అక్కడా వేడి పుడుతుంది, ఆ వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. 1.5 ఓమ్ కాయిల్‌కు ఆ నాసిరకం సెల్‌నే కట్టినా పారేది 2.7 ఆంపియర్లు, సెల్ లోపల పుట్టే వేడి అర వాటు కూడా ఉండదు. అదే సెల్‌కు 0.2 ఓమ్ కాయిల్ కడితే 16 ఆంపియర్లు పారి, సెల్ లోపలే పదిహేను వాట్లకు పైగా వేడి పుడుతుంది. వేలెడంత ఇనుప డబ్బా అది, మూసిన రాగి గొట్టంలో, మే నెల ఉక్కలో ఉంది. నాసి సెల్‌ను ఎక్కువ ఓమ్ కాయిల్ క్షమిస్తుంది, తక్కువ ఓమ్ కాయిల్ క్షమించదు. మంచి సెల్ అయినా వయసు మీరితే లోపలి నిరోధం పెరుగుతుంది కనుక ఏడాది కిందట నిశ్చింతగా వాడిన జోడీ ఈ ఏడాది కూడా క్షేమమనుకోవడానికి వీల్లేదు.

మా ఊరి గాలి దీనికి మరొకటి తోడు చేసింది. సముద్రపు ఉప్పుగాలికి రాగి వారం రోజుల్లో నల్లబడుతుంది, గొట్టం మరచుట్ల సందుల్లో పచ్చటి చిలుము పేరుకుంటుంది. ఆ చిలుము కరెంటు దారికి అడ్డుపడి మీట దగ్గర వేడిని పెంచుతుంది. ఓడ మీదా ఇదే బాధ. ఎక్కువ ఓమ్ కాయిల్‌తో ఉన్నప్పుడు ఆ చిలుము నా దృష్టికే రాలేదు, 0.2కు వచ్చాక వారానికోసారి చింతపండు గుజ్జుతో తోమి ఆరబెట్టక తప్పేది కాదు.

డాబా సంఘటన తర్వాత రాగి గొట్టాన్ని పక్కన పెట్టి, లోపల సర్క్యూట్ ఉన్న రెండు సెల్స్ పెట్టె కొన్నాను. దానితో మొదటి నెలలోనే నా పాత అభిప్రాయం ఒకటి తప్పని తేలింది. గొట్టంలో కాయిల్ ఓమ్ తగ్గితే కరెంటు పెరుగుతుంది. పెట్టెలో అలా కాదు, బ్యాటరీ మీద పడే భారాన్ని మనం పెట్టే వాట్లు నిర్ణయిస్తాయి, కాయిల్ 0.2 అయినా 0.5 అయినా 40 వాట్లంటే సెల్స్ మీద భారం ఒకటే. ఇంకొక విశేషమేమిటంటే సెల్ దిగిపోయేకొద్దీ వోల్టేజీ తగ్గుతుంది, అవే వాట్లు ఇవ్వడానికి సర్క్యూట్ మరింత కరెంటు లాగుతుంది. ఒకే సెల్ ఉన్న పెట్టెలో 80 వాట్లు పెడితే, సెల్ 3.2 వోల్టులకు దిగేసరికి, సర్క్యూట్‌లో పోయే పది శాతం కలుపుకుని 28 ఆంపియర్ల దాకా అడుగుతుంది. గొట్టంలో నిండు సెల్ దగ్గర జాగ్రత్త కావాలి, పెట్టెలో దిగిన సెల్ దగ్గర జాగ్రత్త కావాలి.

పైన 0.2 కాయిల్ రుచిని అంతగా మెచ్చుకున్నాను కదా, అది నిజమే గాని, గొట్టంలో ఆ రుచి నిండు చార్జ్ ఉన్న మొదటి గంట సేపే. వోల్టేజీ మూడున్నరకు దిగితే 88 వాట్లు కాస్తా 61 అవుతాయి, కరెంటు లాగేటప్పుడు వోల్టేజీలో వచ్చే తగ్గుదల కలిపితే ఇంకా తక్కువ. మధ్యాహ్నానికి దమ్ము పలచబడేది, వెంటనే సెల్ మార్చేవాణ్ణి, అలా రోజుకు నాలుగు సెల్స్ తిరిగేవి. 0.5 ఓమ్‌తో రెండు సరిపోయేవి, రుచి కాస్త తగ్గినా సాయంత్రం వరకు ఒకేలా ఉండేది. నా పుస్తకంలో రాసుకున్న తేదీల ప్రకారం 0.2 కింద వాడిన మంచి జత ఏడు నెలలకే పనికిరాకుండా పోయింది, 0.5 కింద వాడినది ఏడాదిన్నర దాటింది.

మా మేనల్లుడికి చెప్పినదేమిటంటే, ఆ ఊదా సెల్స్‌ను రీసైక్లింగ్ పెట్టెలో వేయమని, నమ్మకమైన చోట 20 ఆంపియర్ల సెల్ కొని ఒకటే సెల్ ఉన్న అతని పరికరంలో 50 వాట్లు దాటవద్దని, తొడుగు ఎక్కడ చిరిగినా ఆ సెల్ వాడవద్దని. సెల్ డబ్బా అంతా రుణధ్రువమే కాబట్టి, తొడుగు చిరిగినదాన్ని తాళంచెవులున్న జేబులో వేసుకోవడం కూడా ప్రమాదమే, అవి రెండు ధ్రువాలనూ కలిపేయవచ్చు. 0.15 కాయిల్ అతనికి నచ్చితే పెట్టెలో తక్కువ వాట్ల మీద వాడుకోవచ్చు, అందులో తప్పు లేదు. నా కాలం వేరు: యాభై డిగ్రీలకు దగ్గరగా ఉండే ఇంజిన్ గది, నెలల తరబడి కొత్త సెల్ దొరకని ప్రయాణాలు, సెలవుల్లో ఈ ఉప్పుగాలి. చల్లటి ఊళ్లో, వీధి చివర మంచి దుకాణం ఉన్నవారికి 0.2 నాకిచ్చినంత బాధ ఇవ్వకపోవచ్చు. నా వరకు మళ్లీ ఎంచుకోవలసి వస్తే 0.5 దగ్గరే ఆగేవాణ్ణి, గొట్టం జోలికి పోయేవాణ్ణి కాను. సిగరెట్ అయితే మానాను, కాని నికోటిన్ నన్ను వదలడానికి ఆ తర్వాత మరో ఏడాది పట్టింది, అందువల్ల ఈ పరికరం నాకు మేలు చేసిందని గట్టిగా అనలేను.

చట్టం వచ్చేనాటికి ఓడ మీదే ఉన్నాను, పెట్టెను, కాయిల్స్‌ను అక్కడే ఒక ఫిలిప్పీన్స్ సహోద్యోగికి ఇచ్చేసి సెల్స్ మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపినప్పటి నుంచి మా ఇంట్లో టార్చి లేకుండా ఎవరూ పడుకోరు, ఆ సెల్స్ ఇప్పుడు అందులో పనిచేస్తున్నాయి. 0.5 కింద వాడిన జత మీద పెన్నుతో రాసిన "2018 మార్చి" అన్న అక్షరాలు చెరిగిపోతున్నాయి గాని వెలుగు ఇంకా తగ్గలేదు. 0.2 కింద చివరగా వాడిన జతను కిందటి వానాకాలంలో వేసి చూశాం, ఇరవై నిమిషాలకు టార్చి ఆరిపోయింది.