మూడేళ్లు వాడాక చెబుతున్నా: ఎల్‌ఈడీ బల్బు కొనేముందు పెన్ను ఊపి చూడండి

2022 సంక్రాంతికి ఇంట్లో సీఎఫ్‌ఎల్‌లన్నీ తీసేసి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పెట్టించాం. ఒక్కోటి 70 రూపాయలు, పది తీసుకున్నాం. మూడేళ్లు దాటినా ఒక్కటీ మాడలేదు, కరెంటు బిల్లు తగ్గింది. ఈ రెండే చూస్తే వంక పెట్టడానికేం లేదు. నా ఫిర్యాదంతా వాటి వెలుగు గురించే, అది నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

నేను టీచర్ని. రాత్రి అన్నాలయ్యాక భోజనాల బల్ల దగ్గర కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుతాను. ముప్పావుగంట అయ్యేసరికి కణతల దగ్గర లాగడం మొదలయ్యేది, ఇంకాసేపు కూర్చుంటే తలనొప్పి. కళ్లద్దాల నంబరు మారిందేమో అని చూపించుకుంటే మారలేదన్నారు. పగలు కిటికీ దగ్గర కూర్చుని రెండు గంటలు దిద్దినా ఏమీ ఉండేది కాదు.

అసలు సంగతి అమ్మ వల్ల బయటపడింది. ఒక సాయంత్రం వంటింట్లో ఆ బల్బు కింద చేటతో బియ్యం చెరుగుతోంది. మామూలుగా గాల్లోకి లేచిన గింజ తెల్లటి గీతలా కనిపించాలి కదా, ఇక్కడ ప్రతి గింజా వరసగా పెట్టిన చుక్కల్లా కనిపిస్తోంది, ఒక చుక్క, కాస్త ఖాళీ, మళ్లీ చుక్క. అమ్మ కూడా "ఈ లైటు కింద రాయేదో, గింజేదో తెలియట్లేదే" అంది. అప్పుడు చేతిలో ఉన్న పెన్ను గబగబా ఊపి చూశాను, ఒక పెన్ను కాస్తా విసనకర్ర పుల్లల్లా విడివిడిగా పది పెన్నులయింది.

మా వీధి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపిస్తే "ఇవి డీఓబీ బల్బులు టీచరమ్మా, లోపల కెపాసిటర్ ఉండదు, వెలుగు కొట్టుకుంటూ ఉంటుంది" అన్నాడు. డీఓబీ అంటే డ్రైవర్ ఆన్ బోర్డ్, కరెంటుని ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే సర్క్యూటు (డ్రైవర్) ఎల్‌ఈడీలున్న పలకమీదే ఉంటుంది. వెలుగు కొట్టుకోవడం ఏంటంటే, మన కరెంటు సెకనుకి 50 సైకిళ్లు, ఒక్కో సైకిల్‌లో వోల్టేజి రెండుసార్లు సున్నాకి వస్తుంది, కాబట్టి వెలుగు సెకనుకి 100 సార్లు పడి లేస్తుంది. పాతకాలం ఫిలమెంటు బల్బులోనూ ఇదే కరెంటు, కాకపోతే ఆ తీగ సెకనులో నూరోవంతులో చల్లారదు, అందుకని వెలుగు పెద్దగా ఊగదు. ఎల్‌ఈడీకి ఆ వేడి నిలవ లేదు, కరెంటు ఆగిన క్షణమే ఆరిపోతుంది. ఆ సందులో, కాస్త కరెంటు దాచిపెట్టుకుని దాన్ని నిలబెట్టాల్సింది కెపాసిటరే.

మరి బల్బు వైపు చూస్తే నిలకడగానే ఉంటుందేం? కన్ను సెకనుకి 50, 60 సార్లు దాటిన మిణుకుని మామూలుగా విడదీయలేదు, అంతా కలిపేసి సగటు వెలుగుగా చూపిస్తుంది. వెలుగు ఎక్కువైన కొద్దీ ఈ హద్దు పెరుగుతుంది, బాగా వెలుతురున్న చోట 90 దాకా పోవచ్చు. కంటి మధ్యకన్నా పక్కచూపుకి మిణుకు బాగా తెలుస్తుంది. పాత ట్యూబులైటు చివరి రోజుల్లో ఓరకంటికి కొట్టుకుంటున్నట్టు కనిపించి, తిరిగి చూస్తే బాగానే ఉండటం చాలామందికి అనుభవమే. కానీ ఇదంతా కన్ను కదలకుండా ఉన్నప్పటి లెక్క. పేపరు దిద్దేటప్పుడు కన్ను అక్షరాల మీద జారదు, సెకనుకి మూడు నాలుగుసార్లు గెంతుతుంది. ఆ గెంతులో వెలుగు ఆరి వెలుగుతుంటే ఒకే గీత రెటీనా మీద పక్కపక్కన విడివిడిగా పడుతుంది. మనం గమనించం, పనిభారం మాత్రం కంటిమీదా మెదడుమీదా పడుతుంది. ఇంగ్లండులో ఆఫీసు ట్యూబులైట్ల మీద 1989లో వచ్చిన పరిశోధనలో, 100 సార్లు కొట్టుకునే పాత చోకులు తీసి ఎలక్ట్రానిక్ చోకులు పెడితే తలనొప్పులూ కంటి అలసటా సగానికి పైగా తగ్గాయి. అందరికీ ఒకేలా ఉండదు, మా ఆయనకి ఆ బల్బుల కింద ఏమీ అనిపించేది కాదు. నాకు మాత్రం అనిపించింది, అది నా భ్రమ కాదని తెలిశాక ఎంత నెమ్మది చిక్కిందో చెప్పలేను.

హాల్లో ఫ్యాన్ సంగతి కూడా చెప్పాలి. ఒకానొక స్పీడులో మూడు రెక్కల ఫ్యాన్‌కి 18 రెక్కలు పలచగా, కదలకుండా నిలబడినట్టు కనిపించేవి. నిమిషానికి 333 చుట్ల దగ్గర వెలుగు తునకకీ తునకకీ మధ్య రెక్క సరిగ్గా 20 డిగ్రీలు తిరుగుతుంది, చుట్టూ 360 డిగ్రీలకి 18 రెక్కలు, అందుకే ఆ లెక్క. ఇంట్లో ఇది వింత అంతే, లేత్ మిషన్ ఉన్న షెడ్డులో అయితే తిరిగేది ఆగినట్టు కనిపించి వేళ్లు పోతాయి.

ఇంకొకటి నేను అసలు ఊహించనిది. పోయిన జనవరిలో పది బల్బుల్లో నాలుగు మార్చి, కెపాసిటర్‌తో విడిగా డ్రైవర్ ఉన్న బల్బులు పెట్టించాను, ఒక్కోటి 190 పడింది. కొత్తది హాల్లో పాతదాని పక్కనే వెలిగేసరికి పాతది ఎంత మసకబారిందో చూసి నమ్మలేకపోయాను. రెండూ 9 వాట్లే. మూడేళ్లుగా రోజూ దానికిందే తిరిగాం, ఒక్కరమూ గమనించలేదు. మరీ వేగంగా మారేదాన్నే కాదు, ఇంత నిదానంగా తగ్గేదాన్నీ కన్ను పట్టుకోదు, ఉన్న వెలుగుకే సర్దుకుపోతుంది. ఎల్‌ఈడీ ఆయుష్షుని కూడా మాడిపోయేదాకా లెక్కపెట్టరు, సాధారణంగా వెలుగు మొదటిదాంట్లో 70 శాతానికి పడిపోయేదాకా అనే రాస్తారు.

కొత్తవి పెట్టి పది నెలలయింది. రాత్రి గంటన్నర దిద్దుతున్నా కణతలు లాగడం లేదు. నీళ్ల మోటారు వేసినప్పుడు లైట్లు ఒక్క క్షణం కుంగేది, అది ఇప్పుడూ ఉంది, అది వోల్టేజి వ్యవహారం, బల్బు మారిస్తే పోయేది కాదు. కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి కాబట్టి వీటికీ కొన్నేళ్లకి వణుకు మొదలవచ్చు, ఆర్నెల్లకోసారి పెన్ను ఊపి చూస్తున్నాను.

కొట్టుకి వెళ్తే డబ్బామీద రాసిన "ఫ్లికర్ ఫ్రీ" చూసి ఊరుకోకండి. బల్బు వెలిగించమని అడిగి, దాని వెలుగులో పెన్ను ఊపండి. పెన్ను మసక మరకలా కనిపిస్తే తీసుకోండి, పుల్లల్లా విడిపోతే వద్దు. మిగతా లైట్ల వెలుగు దానిమీద పడకుండా చూసుకోండి, లేకపోతే తేడా తెలియదు. ఫోనులో స్లో మోషన్ ఉంటే దాంతో తీసినా వణుకు కనిపిస్తుంది, మామూలు వీడియోని నమ్మొద్దు, ఫోనే దాన్ని చాలావరకు కప్పేస్తుంది. మిగిలిన ఆరు పాత బల్బులు బాత్రూముకీ మెట్లకీ వసారాకీ వాడుతున్నాను. వంటింట్లో, చదువుకునే బల్ల మీద మాత్రం ఇక పెట్టను.