హంప్టానా, రూపినా? బెంగళూరు నుంచి తొలిసారి వెళ్లేవారికి ఏది మేలు

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లోని తెలుగు మిత్రులు సెలవుల లెక్క మొదలుపెట్టగానే హిమాలయాల్లో కనుమలు దాటే రెండు నడక దారుల గురించి నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, హంప్టాకు వెళ్లమంటారా, రూపిన్‌కా?"

మనాలి దగ్గరి జోబ్రాలో మొదలై, సుమారు 4,270 మీటర్ల ఎత్తున్న కనుమ దాటి, లాహౌల్‌లోని ఛత్రులో దిగే హంప్టా దారి నాలుగైదు రోజుల్లో ముగుస్తుంది. పచ్చని కులూ లోయ వెనకబడి, ఒక్క పూటలోనే బోసి కొండలు ఎదురయ్యే ఆ మలుపుకు సాటి లేదు. రూపిన్ 4,650 మీటర్లు. ఉత్తరాఖండ్‌లోని ధౌలా నుంచి హిమాచల్‌లోని సాంగ్లా వరకు వారం పైనే పడుతుంది.

అంకెలు చూసి హంప్టాయే సులువనుకుంటారు. నా దృష్టిలో తేల్చవలసింది కనుమ ఎత్తు కాదు, రోజుకు ఎంత ఎత్తు ఎక్కి పడుకుంటున్నామన్నది. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదంటారు. 920 మీటర్ల బెంగళూరు నుంచి విమానంలో, రాత్రి బస్సులో మనాలి చేరి, ఆ సాయంత్రమే 3,100 మీటర్ల చికాలో పడుకునేవారికి ఊపిరి అలవాటు పడే వ్యవధి ఏది? వారాంతాల్లో నంది కొండ ఎక్కితే కాళ్లు గట్టిపడతాయి గాని, పలచని గాలికి ఒళ్లు అలవాటు పడదు. మా జట్టులో అందరికంటే వేగంగా నడిచే మిత్రుడే హంప్టా దారిలోని బాలూ కా ఘేరా మజిలీలో తలనొప్పితో, వాంతులతో వెనుదిరిగాడు. అక్కడే గద్దీ అనే కొండజాతి గొర్రెల కాపరి ఒకాయన, నడుముకు చుట్టిన ఉన్ని తాడు పైన చోలా (ఉన్ని అంగీ) మడతలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను పెట్టుకుని, మంద మేస్తుంటే నిలబడి ఉన్నాడు. కింది పచ్చిక అయిపోతే గాని ఆయన పైకి కదలడు.

రూపిన్‌లో మనమూ అలాగే ఎక్కుతాం. 1,550 మీటర్ల ధౌలా నుంచి జాఖా ఊరి మీదుగా, కాపరులు థాచ్ అని పిలిచే పచ్చిక బయళ్లలో ఆగుతూ, జలపాతం పైన 4,000 మీటర్లు చేరేసరికి అయిదారు రోజులవుతుంది. కనుమ కింది మంచు గల్లీ (రాళ్ల మధ్య ఇరుకు చీలిక) నిటారుగా ఉంటుంది, నిజమే; కానీ ఆ వేళకు ఒళ్లు సిద్ధంగా ఉంటుంది. అందుకే పది రోజుల సెలవు దొరికితే రూపిన్‌కే వెళ్లమంటాను. రోడ్డు ముందుకు వచ్చిందని మొదటి మజిలీలు కోసేసే ప్యాకేజీలు మాత్రం వద్దు.



జులై, ఆగస్టులలోనే సెలవు దొరికేవారికి వానల్లో రూపిన్ తగదు కనుక హంప్టాయే దిక్కు. అలాంటివారు జోబ్రాకు బండి ఎక్కేముందు మనాలిలో రెండు రాత్రులు ఉండండి.